ఇంటి నుంచి కూడా ఒక ఎన్‌ఓసీ

మన శాఖల్లో ఎన్‌ఓసీ అన్న మాట వినపడని రోజు ఉండదు. ఇంటి రుణం తీర్చినవారికీ, బండి అప్పు తీరి ఆర్‌సీ మార్పించుకునేవారికీ ఆ కాగితమే కావాలి. ఇరవై ఏళ్ల సర్వీసులో నేనూ అలాంటి కాగితాల మీద లెక్కలేనన్ని సంతకాలు చేశాను. కానీ ఆ కాగితం విలువ నాకు అర్థమైంది మాత్రం బ్యాంకులో కాదు, మా ఇంట్లో.

నా భార్య ఏలూరు దగ్గర ఒక నర్సింగ్ కళాశాలలో అధ్యాపకురాలు. ఎం.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి పద్నాలుగేళ్లయ్యాక, నలభై దాటిన వయసులో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసింది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేయాలంటే పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. 2022లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం అందులో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఈ ఉద్యోగి పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఉంది. పరిశోధనకు తగినంత సమయం ఇవ్వడానికి ఆమె విధులు అడ్డురావు. అవసరమైతే కోర్సువర్క్ పూర్తిచేయడానికి ఆమెను విధుల నుంచి రిలీవ్ చేస్తాం.

కళాశాలవారు ఆ పత్రం ఇచ్చారు. ఆ సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం చేసుకున్నాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఈ వయసులో చదువేమిటే అమ్మాయ్" అని మా అమ్మ గొణుగుతూనే రెండోసారి వడ్డించుకుంది. నేను ఆమె సీటు సంగతి శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టి అభినందనలు అందుకున్నాను. ఇంటి నుంచి కూడా అలాంటి పత్రం ఒకటి ఉండాలని అప్పుడు మాకెవరికీ తోచలేదు. అడగాలని ఆమెకు తోచలేదు, ఇవ్వాలని మాకు తోచలేదు. తరువాత వచ్చిన ఇబ్బందులన్నీ ఆ లేని కాగితం దగ్గరే మొదలయ్యాయి.

నర్సుకు పీహెచ్‌డీ ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను చాలామంది సహోద్యోగులు అడిగారు. మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుపుకునేది ఎవరి పుట్టినరోజునో మనకు తెలుసు. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపమే గుర్తొస్తుంది. ఆమె చేతిలో లెక్కల పుస్తకం కూడా ఉండేది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే నివారించదగిన జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని ఆమె 1858లో చిత్రపటాలు గీసి ప్రభుత్వానికి చూపించారు. పక్కన నిలబడి సేవ చేయడం, ఏ సేవ పనిచేస్తోందో లెక్కగట్టి నిరూపించడం, ఈ రెండూ నర్సింగ్‌లో మొదటినుంచీ ఉన్నాయి. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ కోర్సు 1946లోనే మొదలైంది. నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పేవారు, కొత్త పద్ధతులను పరీక్షించి చూపేవారు నర్సుల్లోంచే రావాలంటే పీహెచ్‌డీ చేసిన నర్సులు కావాలి.

మా ఆవిడ ఎంచుకున్న విషయం పల్లెల్లోని మధుమేహ రోగుల పాద సంరక్షణ. మధుమేహం ముదిరితే కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడినా నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి పాదమే తీసేయాల్సి వస్తుంది. రోజూ పాదాలు చూసుకోవడం, వేళ్ల మధ్య తడి తుడుచుకోవడం, చెప్పులు లేకుండా నడవకపోవడం వంటి అలవాట్లను నర్సు ఇంటికి వెళ్లి నేర్పితే మూడు నెలల తరువాత ఎంత మార్పు కనిపిస్తుంది? అదీ ఆమె పరిశోధన ప్రశ్న. పది గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో అరికాలి మీద తాకి, తెలిసిందా లేదా అని అడుగుతారు. అది తెలియకపోతే ఆ పాదానికి ప్రమాదం ఉన్నట్టు.

చెప్పుకోవడానికి చిన్న పనే. కానీ దాని వెనక కోర్సువర్క్ ఉంది, నైతికత సంఘం అనుమతి ఉంది, ప్రశ్నావళి తయారీ, నిపుణుల పరిశీలన, పైలట్ స్టడీ, ఒక్కొక్కరి దగ్గర సమ్మతి పత్రం తీసుకోవడం, ఆపైన గణాంకాలు, రాత ఉన్నాయి. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి చూపాలి. మొత్తానికి గడువు ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది, ప్రసూతికీ పిల్లల సంరక్షణకూ మొత్తం కోర్సు కాలంలో 240 రోజుల వరకు సెలవు ఉంది. నిబంధన రాసినవారికి ఆడవారి చదువు ఎక్కడ ఆగుతుందో తెలిసే ఆ వెసులుబాటు ఇచ్చి ఉంటారు. నాకు మాత్రం తెలియలేదు.

ఖాతా ఎప్పుడు జారింది?

ఆమె చదువు రెండో ఏట నాకు ప్రమోషన్ వచ్చింది, దానితోపాటు బరంపురం బదిలీ. ఒడిశాలో ఉన్నా తెలుగు వినిపించే ఊరే కాబట్టి నాకు పెద్దగా పరాయితనం అనిపించలేదు. కుటుంబం ఏలూరులోనే ఉండిపోయింది. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి. అమ్మకు షుగరు, బీపీ. "నువ్వు ఉన్నావుగా, నాకు బెంగ లేదు" అని ఆమెతో చెప్పి రైలెక్కాను. అది మెచ్చుకోలు అనుకున్నాను. నా బాధ్యతల జాబితా మొత్తం ఆమెకు ట్రాన్స్‌ఫర్ చేసి వెళ్తున్నానని అప్పుడు అనుకోలేదు.

సంక్రాంతికి ఇంటికి వచ్చాను. బీరువా మీద ఆమె పరిశోధన ఫైళ్ల సంచి ఉంది. దాని మీద అమ్మాయి రికార్డు పుస్తకాలు, వాటి మీద పాత క్యాలెండరు.

"ఎంతవరకు వచ్చింది నీ పని?" అని అడిగాను.

"అక్కడే ఉందండీ."

"ఎప్పటినుంచి?"

ఆమె కాసేపు ఆలోచించి, "మీరు వెళ్లినప్పటినుంచి" అంది.

అయిదు నెలలు. గొంతులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. ఉంటే నేను ఏదో ఒకటి సమర్థించుకునేవాణ్ణి. పరిశోధన సలహా సంఘం ముందు హాజరు కావాల్సిన తేదీ నెలన్నరలో ఉందనీ, చూపడానికి ఏమీ లేదనీ, మానేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాననీ చెప్పింది. "మానేస్తే ఎవరికీ నష్టం లేదు కదండీ" అన్న మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద ఆమె రోజును గంటలుగా రాశాం. ఉదయం అయిదుకు లేవడం, వంట, పిల్లల క్యారేజీలు, అమ్మ మందులు, కళాశాల, విద్యార్థులతో ఆసుపత్రి పోస్టింగు, సాయంత్రం కూరగాయలు, మళ్లీ వంట, అబ్బాయి హోంవర్కు. రాత్రి పదిన్నరకు పుస్తకం తీసి ఒంటిగంట దాకా చదివేదట. నాలుగు వారాలు అలా గడిచాక ఒకరోజు వార్డులో విద్యార్థులకు ఇంజక్షన్ డోసు లెక్క చెబుతూ తడబడింది. రోగి దగ్గర పొరపాటు జరిగితే ఎలా అన్న భయంతో రాత్రి చదువు ఆపేసింది. ఆపాక పగటిపూట దానికి చోటే లేకపోయింది.

తరువాత నా పద్దు రాశాం. బదిలీకి ముందు నేను ఇంటిపని రోజుకు అరవై నిమిషాలు చేసేవాణ్ణని రాశాను. "పాల ప్యాకెట్టు తేవడం కూడా కలిపారా?" అని ఆమె నవ్వింది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019 సర్వేలో ఇవి 299, 97. అయిదేళ్లలో ఆడవారికి పది నిమిషాలు తగ్గితే, మగవారికి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మా ఇంటి లెక్క దేశం లెక్కకు పెద్ద దూరంలో లేదు. ప్రపంచంలోని నర్సుల్లో అత్యధికులు మహిళలే. కాబట్టి నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేసేవారిలో ఎక్కువమంది ఈ 289 నిమిషాలు పూర్తిచేశాకే పుస్తకం తెరుస్తున్నారన్నమాట.

మనకు తెలిసిన పాఠమే

ఎంబీఏలో నాకు సమయ నిర్వహణ మీద ఒక పేపరు ఉండేది. ముఖ్యమైనవి, అత్యవసరమైనవి అని నాలుగు గళ్లు గీసి పనులు నింపేవాళ్లం. ఆ పద్ధతి మా ఇంటికి పనికిరాలేదు. పిల్లాడి జ్వరం, అమ్మ మందులు, కళాశాల పరీక్షలు అన్నీ ఒకే గడిలో చేరతాయి. అత్యవసరం కానిది ఒక్క పీహెచ్‌డీయే. అందుకే ప్రతిరోజూ అదే వాయిదా పడుతుంది.

పనికివచ్చింది బ్యాంకు పాఠమే. ఆస్తి-అప్పుల నిర్వహణలో మనం మొదట చూసేది కాలపరిమితుల పొంతన. పదిహేనేళ్ల రుణాన్ని రాత్రికి రాత్రి తెచ్చిన కాల్ మనీతో నడిపితే ఏమవుతుందో మనకు తెలుసు. రోజూ తెల్లవారేసరికి ఆ డబ్బు తిరిగి కట్టాలి. ఆరేళ్ల చదువు దీర్ఘకాలిక ఆస్తి. దాన్ని ఆమె తన నిద్రలోంచి తెచ్చిన రాత్రి అప్పుతో నడుపుతోంది. ఎక్కువ రోజులు నడవదు. దానికి కావలసింది టర్మ్ డిపాజిట్లు. అంటే ముందే కేటాయించి, ఎవరూ మధ్యలో విత్‌డ్రా చేయని గంటలు. ఆ డిపాజిట్లు చేయాల్సింది ఇంట్లోని మిగతావాళ్లం.

రెండో పాఠం ఎస్‌ఎంఏ. రుణఖాతా 90 రోజులు దాటాక ఎన్‌పీఏ అవుతుంది. కానీ మనం 90వ రోజు దాకా ఆగం. 30 రోజుల్లోపు బకాయి ఎస్‌ఎంఏ-0, 60 లోపు ఎస్‌ఎంఏ-1, 90 లోపు ఎస్‌ఎంఏ-2 అని వర్గీకరించి ముందే ఫోను చేస్తాం. మా ఇంట్లో అయిదు నెలలు ఆగిన ఖాతా గురించి ఒక్క ఫోనూ రాలేదు. రోజూ రాత్రి బరంపురం నుంచి నేను చేసే ఫోనులో అమ్మ షుగరు ఎంత, పిల్లల మార్కులు ఎన్ని అని అడిగేవాణ్ణి. నీ చదువు ఎంతవరకు వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

మేము చేసిన పునర్వ్యవస్థీకరణ

మొదట పరిశోధన పనిని మూడు రకాలుగా విడదీశాం. కదపలేని తేదీలు ఉన్నవి ఒక రకం: సంఘం ముందు హాజరు, ఫీజు గడువు, శిక్షణ ఇచ్చిన మూడు నెలలకు రోగులను మళ్లీ పరీక్షించే రోజులు. ఎడతెగని సమయం కావలసినవి రెండో రకం: అధ్యాయం రాయడం, గణాంకాలు సరిచూడడం. ముక్కల సమయంలో సాగేవి మూడో రకం: వ్యాసాలు చదవడం, నోట్సు రాసుకోవడం, వివరాలు కంప్యూటరులో నింపడం. ఇంతకుముందు ఆమె రాత్రి ఒంటిగంటకు అధ్యాయం రాయడానికి ప్రయత్నించి, సెలవురోజు వివరాలు నింపేది. దాన్ని తిరగేశాం.

తరువాత డిపాజిట్లు. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఆ రెండు వారాంతాలూ రాత్రి రైలులో వచ్చి, ఆదివారం రాత్రి తిరుగు రైలెక్కేదాకా ఇల్లు నాది. వంట, అమ్మ మందులు, అబ్బాయి చదువు అన్నీ నావే. ఆమె పల్లెలకు వెళ్లేది ఆ రోజుల్లోనే. మిగతా ఆదివారాల్లో ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా ఆమె గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, డాక్టరు అపాయింట్‌మెంట్లు ఫోనులో అయ్యేవే కాబట్టి బరంపురం నుంచి నేనే చూసుకోవడం మొదలుపెట్టాను.

అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. ఇడ్లీ పిండి బయట కొనడం మొదలుపెట్టాక అమ్మ రెండు వారాలు ముభావంగా ఉంది. నేను చేసిన సాంబారు అబ్బాయి తినలేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మూడు నెలల తరువాతి పరీక్ష తేదీలు మార్చి ఆఖరి వారంలో పడడం. ఇయర్ ఎండింగులో శాఖ వదిలి రావడం కుదరని పని. ఆ తేదీలు జరిపితే ఆమె ఫలితాలకు విలువ తగ్గుతుంది. ఇద్దరిలో ఎవరూ కదలలేని పరిస్థితి. మా చెల్లెలు రాజమండ్రి నుంచి వచ్చి ఆరు రోజులు ఇల్లు చూసింది. "వదిన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, అడిగితే రానా అన్నయ్యా?" అన్నది ఫోనులో. అడగడం కూడా ప్రణాళికలో భాగమేనని అప్పుడు తెలిసింది.

అమ్మ మారిన తీరు మాత్రం మేమెవరం ఊహించలేదు. పల్లెల్లో వాడే తెలుగు ప్రశ్నావళిని ఒకరోజు ఆమె అత్తగారికి చదివి వినిపించింది. "మీ పాదాల్లో స్పర్శజ్ఞానం తగ్గినట్లు గమనించారా?" అన్నది ఒక ప్రశ్న. అమ్మ వెంటనే, "అదేం తెలుగే? కాలు మొద్దుబారిందా అని అడుగు, చెబుతారు" అంది. ఆ తరువాత చెప్పు జారిపోయినా తెలియట్లేదా, వేడినీళ్లు పోసుకుంటే తెలుస్తోందా అని మరో నాలుగు ప్రశ్నలు సరిచేసింది. నిపుణుల పరిశీలనలోనూ ఆ మాటలు నిలిచాయి. ఆ రోజు నుంచి అమ్మ తన పాదాలు తను చూసుకుంటోంది. ఆదివారం పూట ఆ గది తలుపు దగ్గరకు అబ్బాయి వెళ్తే ఆమే అడ్డుపడుతోంది.

మన శాఖలకు ఏమి పనికొస్తుంది?

మనలో చాలామంది జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు రాస్తున్నాం. కొందరు దూరవిద్యలో పీజీ, ఇంకొందరు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇంట్లో భార్యో, భర్తో, కూతురో చదువుకునేవారు ఇంకెందరో ఉంటారు. మా అనుభవం నుంచి వారికి నాలుగు మాటలు.

ఒకటి, చదువు మొదలుపెట్టే రోజునే ఇంట్లోవారంతా కూర్చుని గంటలు రాసుకోండి. "చదువుకో, నాకేం అభ్యంతరం లేదు" అనడం సగం ఎన్‌ఓసీ మాత్రమే. ఏ రోజు, ఎన్ని గంటలు, ఆ గంటల్లో ఆమె పని ఎవరు చేస్తారు అన్నవి ఉంటేనే అది పూర్తి పత్రం.

రెండు, లోటు ఎక్కడినుంచి భర్తీ అవుతోందో చూడండి. నిద్రలోంచి అయితే వెంటనే ఆపండి. నర్సు నిద్రలేమి రోగికి ప్రమాదం. క్యాషు కౌంటరులో కూర్చునేవారి నిద్రలేమి ఎలాంటిదో మనకు చెప్పనక్కర్లేదు.

మూడు, ముప్పై రోజులు పుస్తకం ముట్టకపోతే దాన్ని ఎస్‌ఎంఏ-0గా తీసుకుని మాట్లాడుకోండి. తిట్టడానికి కాదు, ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి. తొంభై రోజులు దాటాక చదువుకునేవారే మానేద్దామన్న నిర్ణయానికి వచ్చేస్తారు.

నాలుగు, శాఖాధిపతులకు ఒక విన్నపం. చదువుకునే సహోద్యోగికి మనం ఇచ్చే పెద్ద సాయం అదనపు సెలవు కాదు, ముందే తెలిసిన సెలవు. ఏ శనివారం ఆడిట్ పని ఉంటుందో పదిహేను రోజుల ముందు చెబితే, వారు తమ గంటలను దాని చుట్టూ అమర్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం చెబితే ఆ వారమంతా పోతుంది.

ఇప్పుడు ఆమె నాలుగో అధ్యాయం రాస్తోంది. గడువు ఇంకా ఉంది, పనీ ఇంకా ఉంది. ఈ నెలలో రెండు ఆదివారాలు పెళ్లిళ్లకు పోయాయి. రాత్రి ఫోనులో మొదటి ప్రశ్నగా "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతున్నాను. ఒక్కోసారి "ఏమీ కాలేదండీ" అంటుంది. అయితే వచ్చే ఆదివారం ఏం పక్కన పెడదామని ఇద్దరం చూసుకుంటాం. ఖాతా ప్రస్తుతానికి స్టాండర్డ్‌గానే ఉంది.